మొదటి పాఠం దగ్గరే ఆపండి

లా అనేది యూనివర్సిటీకి వెళ్లాక చదవాల్సిన చదువని ఎవరు తేల్చారో తెలియదు గానీ, ఆ పెద్దమనిషి మన పాలమూరు వైపు ఎన్నడూ వచ్చి ఉండడు. లా ఇంటర్మీడియట్‌లోనే చెప్పాలి. కుదిరితే పదో తరగతిలో చెప్పాలి. నన్నడిగితే అంగన్‌వాడీలో కిచిడీతో పాటు పిల్లకో సెక్షన్ వడ్డించాలి!

నవ్వకండి. ఈ విషయమై ప్రభుత్వానికి ఒక విన్నపం రాసి జేబులో పెట్టుకున్నాను. గద్వాలలో ఒక్క ఏడాది నడిచిన ఈ చదువును వనపర్తికీ, నాగర్‌కర్నూలుకీ, ఆ మాటకొస్తే లింగాల దాకా పాకించాలని అందులో కోరాను. దీనివల్ల దేశానికి ఒరిగేదేమిటని అడుగుతారా? అయితే ఆశన్న ఇంటికి రండి.

రెండువేల ఏడు నాటి సంగతి. గద్వాలలో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీ ఉండేది. పేరెందుకులెండి, ఇప్పుడా మేడలో ఫంక్షన్ హాలు నడుస్తోంది. అప్పట్లో పక్క కాలేజీ ఫ్లెక్సీ నిండా ర్యాంకులు తెచ్చిన పిల్లల ఫొటోలు. వీళ్ల దగ్గర ర్యాంకులు లేవు కాబట్టి ఫొటోలూ లేవు. యాజమాన్యం వారు ఆలోచించి ఆలోచించి, 'ఇంటర్‌తోనే లా!' అని రోడ్డుకి అడ్డంగా ఫ్లెక్సీ కట్టించారు. దాని మీద నల్లకోటు తొడుక్కున్న అమ్మాయి బొమ్మ. ఆ అమ్మాయి ఎవరో వాళ్లకీ తెలియదు. బోర్డు సిలబస్‌లో ఇట్లాంటి సబ్జెక్టు లేదు కదా అని అడిగినవాళ్లకి, ఇది ఐదేళ్ల లా ఎంట్రెన్సుకి పునాది అని చెప్పారు. పునాది పైకి కనిపించదు కదా! ఇంకేం అడుగుతారు?

ఆశన్న ఆ ఫ్లెక్సీ కింద సైకిలాపి చాలాసేపు చూశాడు. ఆశన్న నేతగాడు. ఇంట్లో ఉంటే మగ్గం గుంతలో కూర్చోవడం, బయటికొస్తే ఎవరో ఒకరి ముందు నిలబడటం, ఆయన బతుకంతా ఈ రెండే. చీరలు తీసుకునే సేఠ్ ముందు నిలబడాలి. ఆఫీసులో గుమాస్తా ముందు నిలబడాలి. నిలబడి ఏం చెప్పబోయినా గొంతు పూడుకుపోయేది. ఆ సాయంత్రం ఇంటికొచ్చి భార్య పెంటమ్మతో అన్నాడు.

"మన ఇంట్ల ఒక్కరన్న ఎదురు మాట్లాడేటోళ్లు ఉండాలె. బిడ్డను లా సదువుల జేరుస్త."

పెంటమ్మ చాటను కంటికి బాగా దగ్గరగా పెట్టుకుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. "ఎదురు మాట్లాడుడు గూడ నేర్పిస్తరా గాడ?" అని అడిగింది.

"దానికి పుస్తకమే ఉందంట."

పాఠకులారా, ఆశన్న కోరిన కోరిక ఏమిటో మనసులో పెట్టుకోండి. దేవుడు కొందరి మొర ఆలస్యంగా వింటాడు. ఆశన్నది చప్పున విన్నాడు.

అట్లా ఆశన్న బిడ్డ సౌజన్య లా విద్యార్థిని అయింది. పాఠం చెప్పడానికి వనపర్తి నుంచి మహేశ్వర్ అనే కుర్ర వకీలు వచ్చేవాడు. కోర్టులో పని లేని రోజున వచ్చేవాడు. కుర్ర వకీలు కనుక ఆయనకు అట్లాంటి రోజులకు కొదవ లేదు. కానీ వనపర్తి బస్సుకి ఆయన పాఠంతో నిమిత్తం లేదు, అది ఎప్పుడో వచ్చేది. ఆయన చెమట తుడుచుకుంటూ క్లాసులోకి వచ్చి, "పోయినసారి ఎక్కడ ఆపినం?" అనేవాడు. ఎవరికీ గుర్తుండేది కాదు. మళ్లీ మొదటి పాఠమే మొదలయ్యేది.

ఆ పాఠం పేరు 'నిర్వచనాలు'. ఏ మాటకి అర్థమేమిటో ముందు తేల్చుకోవడం. ఇల్లు అంటే ఏమిటి, దారి అంటే ఏమిటి, పని అంటే ఏమిటి, పనిచేసేవాళ్లు అంటే ఎవరు. "తగాదా పడేముందు మాట తేల్చుకోవాలె. సగం కేసులు గాడనే పోతయి" అని మహేశ్వర్ సార్ చెప్పేవాడు. ఆయన కేసులు అట్లాగే పోయినట్టున్నాయి, పాపం.

ఏడాది గడిచింది. పుస్తకం మొదటి పాఠం దాటలేదు. ఇది లోపమని మీరనుకుంటున్నారు కదూ? ఇందులోనే ఉంది మహిమంతా!

వాళ్ల వీధిలో వెంకటన్నకీ, ఎదురింటి తిమ్మమ్మకీ బట్టలుతికిన నీళ్ల దగ్గర పాత తగాదా. ఆమె నీళ్లు వదిలితే ఆయన వాకిట్లోకి పారతాయి. ఇద్దరూ ఒకరోజు సౌజన్యను పిలిచి న్యాయం చెప్పమన్నారు. పదహారేళ్ల పిల్ల నడుం మీద చెయ్యి పెట్టుకుని, "వాకిలంటే ఏంది?" అని అడిగింది. గడప దగ్గర్నుంచి ముగ్గు దాకా అని వెంకటన్న అన్నాడు. ముగ్గు నేనేస్తేనే గద ముగ్గు, నీ పెండ్లాం యాడేస్తది అని తిమ్మమ్మ అన్నది. వాకిలి ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో పొద్దుగూకే దాకా తేలలేదు. ఈలోగా నీళ్లు ఎండిపోయాయి. ఇద్దరూ చాయ్ తాగి ఇళ్లకు పోయారు. ఏ కోర్టు ఇంత తొందరగా తేలుస్తుంది చెప్పండి?

ఇంకొకటి. పొద్దున్నే ఆ వీధి పొడవునా మగ్గానికెక్కించే నిలువు నూలు, అదే పడుగు, చాపి గంజి పెడతారు. నూలు ఆరే దాకా మనుషులు వంగి వెళ్లాలి, బండ్లు అసలే పోకూడదు. ఒక ఆటో అబ్బాయి హారన్ మీద హారన్ కొట్టాడు.

"అన్నా, బాట అంటే ఏంది?" అని సౌజన్య అడిగింది.

"ఏందంటే? ఈ కొసకెల్లి ఆ కొసకు పోయేది."

"మా పడుగు గూడ ఈ కొసకెల్లి ఆ కొసకే పోతుంది గద."

ఆటో అబ్బాయి తల గోక్కున్నాడు. ఆటో వెనక్కి తిప్పుకుని పోయాడు. ఆ మాట వీధంతా పాకింది. కొళాయి దగ్గర బిందెల తగాదాలు ఆగిపోయాయి, ఎందుకంటే 'వరస' అంటే ఏమిటో చెప్పలేక ఎవరి బిందె వాళ్లు సర్దుకున్నారు. పేకాటరాయుళ్లు సైతం 'ఆట' అంటే ఏమిటని పిల్ల అడుగుతుందేమోనని చోటు మార్చారు!

ఇక ఆశన్న భోగం చూడాలి. సేఠ్ దుకాణంలో మాటల్లో మాటగా "మా బిడ్డ లా సదువుతుంది" అన్నాడో లేదో, ఏ చీరకైనా ఏదో ఒక వంక పెట్టే సేఠ్ ఆ రోజు వంక పెట్టకపోగా స్టూలు తెప్పించాడు. ఆశన్నకు స్టూలు మీద ఎట్లా కూర్చోవాలో తెలియక అంచున కూర్చున్నాడు. ఇంటికొచ్చి పెంటమ్మకు ఆ స్టూలు గురించి అన్నం తింటున్నంతసేపూ చెప్పాడు. ఆమె నవ్వుతూ విన్నది. తండ్రికి ఇంతకంటే ఏం కావాలి? కాబట్టే నా విన్నపం.

ఇప్పుడు కొంచెం ఇబ్బందికరమైన భాగానికి వస్తున్నాను. రచయిత అన్నాక ఏదీ దాచకూడదు.

గద్వాల చీర సంగతి తెలియనివాళ్లకి ఒక మాట. ఒంటికి నూలు, అంచుకి పట్టు. ప్రతి వరసలోనూ నూలు పోగు, పట్టు పోగు ఒకదానికొకటి మెలిపడాలి. లేకపోతే చీర ఒక దిక్కు, అంచు ఒక దిక్కు. గుంతలో కూర్చుని అడ్డపోగు మోసే నాడె విసిరే మనిషి చెయ్యి ఆ చివరకు అందదు. అందుకని ఆ చివర ఇంకొకరు కూర్చుని అంచు పోగును పట్టి మెలివెయ్యాలి. ఆశన్న మగ్గం మీద ఆ చివర కూర్చునేది పెంటమ్మ. పెళ్లయిన కొత్తలో కూర్చుంది, ఇంకా లేవలేదు.

ఆ పెంటమ్మ కళ్లకు పొర కమ్ముతోంది. పట్టు పోగు కనిపించక వేలితో తడిమి పట్టుకుంటోంది. దవాఖానకు పోదామని ఆశన్న అనేవాడు. "ఈ చీర దిగనీ" అని ఆమె అనేది. ఆ చీర మగ్గం దిగేది, ఇంకో చీర ఎక్కేది. ఐదో తరగతి దాకా చదువుకున్న మనిషి, బస్సు మీద ఊరి పేరు కనిపించక పక్కవాళ్లను అడిగే దాకా వచ్చింది.

ఇట్లా ఉండగా చేనేత కార్డులు రాయడానికి ఒక ఆఫీసరు వచ్చాడు. కార్డు ఉన్నవాళ్లకు నాగర్‌కర్నూలు కంటి శిబిరంలో ఆపరేషన్ ఊరికే చేస్తారట. కార్డు ఎవరి పేరున ఉంటే వాళ్లకే. ఆ సంగతి తెలిసిన రోజు పెంటమ్మ తలకు నూనె పెట్టుకుని దువ్వుకుంది. పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంది. గద్వాల చీర కాదు, అవి నేసేవాళ్ల ఇళ్లలో ఉండవు. ఆఫీసరుకని చాయ్ పెట్టింది.

ఆఫీసరు వీధిలోని మగవాళ్లందరినీ వెంటేసుకుని వచ్చి గడపలో నిలబడ్డాడు. "ఈ మగ్గం మీద నేసేదెవరు?" అన్నాడు.

ఆశన్న వెనక వెంకటన్న ఉన్నాడు. ఇంకా నలుగురు నేతగాళ్లున్నారు. అంతకుముందే వాళ్లంతా తమ తమ ఇళ్లలో ఒక్కొక్క పేరే చెప్పి వచ్చారు. ఇప్పుడు తాను రెండు పేర్లు చెబితే, ఆశన్నకు ఒక్కనికి చేతకాదంట అని రేపు చాయ్ హోటల్లో నవ్వుకోరా? మగవాడి కష్టం మీకేం తెలుసు!

"నేనే సార్."

"మరి ఆమె?"

"ఆమె ఊకె పక్కన కూసుంటది సార్."

ఇందులో ఆశన్న తప్పేమైనా ఉందా? అబద్ధం చెప్పాడా? పెంటమ్మ పక్కన కూర్చునే మాట నిజమే కదా. ఆమె చాయ్ గ్లాసు కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది. ఆఫీసరు సోమవారం మళ్లీ వస్తానని, నడుస్తున్న మగ్గం ముందు ఫొటో తీస్తానని చెప్పి పోయాడు.

సాయంత్రం సౌజన్య కాలేజీ నుంచి వచ్చింది. సంగతి విన్నది. పుస్తకాల సంచి భుజం మీద నుంచి దించకుండానే అడిగింది.

"నాయినా, నేసుడు అంటే ఏంది?"

ఆశన్నకు ఒళ్లు మండింది. "ఇంట్ల లా ఎందుకే? అది బయటికి" అన్నాడు.

చూశారా, ఎంత గొప్ప మాట! ఏ న్యాయశాస్త్ర గ్రంథంలోనైనా ఇంత సూటిగా రాసి ఉంటుందా? లా వెంకటన్న వాకిట్లో పనికొస్తుంది. సేఠ్ దుకాణంలో పనికొస్తుంది. చెప్పులు విడిచినట్టు దాన్ని గడప బయట విడిచి రావాలి. మహేశ్వర్ సార్ ఈ ఒక్క సంగతి చెప్పడం మరిచిపోయాడు. పాఠం పూర్తయితే చెప్పేవాడేమో.

మర్నాడు పొద్దున్నే ఆశన్న గుంతలోకి దిగి నాడె విసిరాడు. అంచు కదలలేదు. తలెత్తి చూస్తే పెంటమ్మ తన చోట్లో తాను కూర్చునే ఉంది. చేతులు ఒళ్లో ఉన్నాయి.

"ఏమాయె?"

"ఏం కాలే. ఊకె కూసున్న. ఆఫీసరుతోని నువ్వే జెప్తివి గద."

ఆశన్న గుంతలోంచి లేచి, మగ్గం చుట్టూ తిరిగి ఆ చివరకు వెళ్లి అంచు పోగు మెలివేసి, మళ్లీ వచ్చి గుంతలోకి దిగి నాడె విసిరాడు. మళ్లీ లేచాడు. మళ్లీ దిగాడు. మధ్యాహ్నానికి మోకాళ్లు పట్టేశాయి. నేసింది చూసుకుంటే వేలెడు కూడా లేదు. అంచు వదులై వంకరపోయింది. బిడ్డను పిలిచి అమ్మ చోట్లో కూర్చోమన్నాడు. "ఊకె కూసునుడే గద నాయినా, దానికి నేనెందుకు?" అని సౌజన్య పుస్తకం తెరుచుకుంది.

జబ్బు అక్కడితో ఆగిందా? మర్నాడు తిమ్మమ్మ కూడా తన మగ్గం పక్కన ఊరికే కూర్చుంది. ఆ తర్వాత వెంకటన్న ఇంట్లో. ఎప్పుడూ టకటకలాడే వీధిలో ఎవరింట్లో ఎవరు దగ్గినా వినిపించసాగింది. మగవాళ్లు ఆశన్నను చూసి పళ్లు నూరారు. "ఏం సదువు సదివిస్తున్నవ్ ఆశన్నా" అని వెంకటన్న అన్నాడు. మరి మొన్న వాకిలి కేసు తీర్పుకి ఎగబడింది వీళ్లే కదా?

రాత్రులు ఆశన్నకు నిద్ర పట్టలేదంటే నమ్మండి. పెంటమ్మ తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాడు. ఏడ్చి ఉంటే ఓదార్చేవాడు. ఆమె వేళకు అన్నం పెడుతోంది, అడిగినదానికి జవాబు చెబుతోంది, పొద్దున్నే వచ్చి తన చోట్లో కూర్చుంటోంది. ఒకసారి ఆమె నీళ్ల చెంబు కోసం చెయ్యి చాపి, చెంబు పక్కనున్న గాలిని పట్టుకోవడం చూశాడు. చెంబును ఆమె చేతి కిందికి జరిపాడు.

సోమవారం ఆఫీసరు కెమెరాతో వచ్చాడు. మొదట ఆశన్న ఇంటికే వచ్చాడు. వెనక వీధంతా వచ్చింది, ఈసారి ఆడవాళ్లు కూడా.

"ఊఁ, నెయ్యవయ్యా. ఫొటో తీస్తాను."

ఆశన్న నాడె విసిరాడు. పోగు బిగించే పలక లాగి కొట్టాడు. మళ్లీ విసిరాడు. ఒంటికీ అంచుకీ మధ్య సందు పడి, అందులోంచి కింద నేల కనిపించింది. పెంటమ్మ చేతులు ఒళ్లోనే ఉన్నాయి.

"ఏమయ్యా, ఇదేనా నేత? నువ్వే నేస్తానని చెప్పావు కదా" అని ఆఫీసరు విసుక్కున్నాడు.

ఆశన్న నాడె కింద పెట్టాడు. వెంకటన్న వైపు చూశాడు. తర్వాత పెంటమ్మ వైపు చూశాడు. ఆమెకు ఆయన ముఖం సరిగా కనిపించదు కాబట్టి తల కొంచెం వంచి చెవి ఇటు పెట్టింది. ఏం చెబుతాడో వినడానికి. అది చూశాక ఆశన్న ఇంకెవరి వైపూ చూడలేదు.

"తప్పు జెప్పిన సార్. ఆమె ఊకె కూసునేది గాదు. ఆమె లేకుంటే ఇది చీరే గాదు."

"సరే, మంచిదే. కానీ మగ్గానికి ఒకటే కార్డు. ఇద్దరి పేర్లు కుదరవు. తొందరగా చెప్పు, ఎవరి పేరు రాయను?"

ఇక్కడ ఆశన్నకు నా సలహా అంది ఉంటే బాగుండేది. నీ పేరే రాయించుకుని, సాయంత్రం ఆమెకు మల్లెపూలు కొనుక్కుపోవయ్యా అని చెప్పేవాణ్ని. మన పెద్దలంతా చేసింది అదే కదా! కానీ మనిషి నన్ను అడగలేదు.

"పెంటమ్మ అని రాయుండ్రి" అన్నాడు. "నేను ఊకె పక్కన కూసుంటా."

ఎవరూ నవ్వలేదు. పెంటమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది. తర్వాత చెయ్యి చాపి, తడిమి, పట్టు పోగు పట్టుకుంది. "నాడె ఇసురు. సార్‌కు పొద్దుబోతుంది" అన్నది. మగ్గం టకటకమన్నది. ఆఫీసరు ఫొటో తీసుకుని బయటికి వచ్చేసరికి, తిమ్మమ్మ తన గడపలో నిలబడి మొగుణ్ని అడుగుతోంది, మన మగ్గం మీద నేసేదెవరని.

ఆ వీధి మగవాళ్ల బాధ నేను చూడలేకపోయాను. వాళ్లంతా ఒక మాట మీద ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లారు. తమ కాలంలో దేనికీ ఇట్లా ఒక మాట మీద వెళ్లి ఎరగరు. ఆడపిల్లలకు లా ఎందుకు సార్, ఇంకేదన్న జెప్పుండ్రి అన్నారు. వచ్చే ఏడు అడ్మిషన్లు ముఖ్యం కనుక ప్రిన్సిపాల్ ఒప్పుకున్నాడు. చెప్పేవాళ్లు దొరకడం లేదని కారణం రాశారు. పాత ఫ్లెక్సీ దించి 'ఇంటర్‌తోనే కంప్యూటర్!' అని కొత్తది కట్టారు. మహేశ్వర్ సార్ వచ్చి, దాన్ని చదువుకుని, వెంటనే వనపర్తికి తిరిగి వెళ్లిపోయాడు. ఆ ఒక్క రోజే బస్సు వేళకు వచ్చింది.

కాబట్టి పాఠకులారా, మొదట్లో నేను రాసిందంతా కొట్టేసి చదువుకోండి. విన్నపం చింపేశాను. లా యూనివర్సిటీలోనే చెప్పాలి. ఎంత దూరంగా చెబితే అంత క్షేమం. అక్కడైతే పని అంటే ఏమిటో, పనిచేసేవాళ్లు అంటే ఎవరో పిల్లలు పరీక్ష పేపరు మీద చక్కగా రాసి, అక్కడే వదిలేసి ఇంటికొస్తారు. మార్కులూ వస్తాయి, మగ్గాలూ ఆగవు. దేశం ఇన్నాళ్లూ నడిచింది అట్లాగే కదా?

ఒక్కటే భయం మిగిలింది. ఆపరేషన్ అయ్యాక పెంటమ్మను పలకరించడానికి వెళ్లాను. కళ్లకు పచ్చగుడ్డ కట్టుకుని మంచం మీద కూర్చుంది. మగ్గం ఆగి ఉంది. ఆశన్న ఆమె పక్కన ఊరికే కూర్చుని ఉన్నాడు. ఆ లా పుస్తకం మంచం మీదే కనిపించింది. తిరగేసి చూశాను. రెండో పాఠం పేరు 'హక్కులు'. ఒక్క పేజీ నలగలేదు. సబ్జెక్టే పోయింది కదా, ఈ పుస్తకం ఇంకెందుకు, పాత కాగితాలవాడికి వేసేస్తాను ఇవ్వమ్మా అని అడిగాను.

పెంటమ్మ చెయ్యి చాపి, తడిమి, పుస్తకాన్ని తన వైపు లాక్కుంది.

"ఉండనీయుండ్రి సార్. కట్టు ఇప్పినంక రెండో పాఠం నేనే సదువుత" అన్నది.